రేపు రా

వయోమింగ్‌లో ఒక చిన్న ఊరు.
ఉన్నదొక్కటే సిగ్నల్ లైటు,
అదీ రాత్రి తొమ్మిది దాటాక పచ్చగా కొట్టుకుంటూ ఊరుకుంటుంది.
వెర్నా ట్రాస్క్ కొట్లో శనివారాలు అద్దాలు తుడిచే పని నాది.
అద్దం కింద పిస్తోళ్లు
మంచు మీద పరిచిన చేపల్లా
అన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకునుంటాయి.

డ్వెయిన్ కిట్రెడ్జ్ వచ్చాడు.
పలుపుతాడు కొన్నా పావుగంట గీచి గీచి బేరమాడే మనిషి
ఆవేళ ధర అడగలేదు.
"అదివ్వు" అని వేలు చూపించాడు.
తూటాలెన్ని అంటే
"అన్నిటికన్నా చిన్న డబ్బా" అన్నాడు.

వెర్నా కాయితం ముందుకి జరిపింది.
నేరం చేశావా, లేదు.
కోర్టు పిలుపుందా, లేదు.
పిచ్చాసుపత్రిలో పెట్టారా, లేదు.
గడులన్నీ నింపి, కలం మూతపెట్టి, తిన్నగా పెట్టాడు.
ఆమె చెవి దగ్గర ఫోనులో గొంతు: ఇవ్వొచ్చు.
వెనక గోడ మీద ఫ్రేము కట్టిన రాజ్యాంగ సవరణ: ఇవ్వొచ్చు.
గల్లాపెట్టె నోరు తెరుచుకునే ఉంది.

అప్పుడు కిటికీలోంచి అతని ట్రక్కు కేసి చూసింది వెర్నా.
ముందు సీటు ఖాళీ.
పదకొండేళ్లుగా అక్కడ కూచునే ఒంటికన్ను కుక్క లేదు.

"జూనో ఏదీ?"
"ఇచ్చేశా. అక్క వాళ్లకి."

ఆమె ఫోను పెట్టేసింది. మెల్లిగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు.
"లైను కలవట్లేదు డ్వెయిన్. రేపు రా."
"రేపు ఆదివారం కదా."
"నీకోసం తెరుస్తా. కాఫీ పెడతా."

మర్నాడు తెరిచింది.
మూడుసార్లు కాఫీ కాచి మూడుసార్లు పారబోసింది.
పొద్దుగూకే వేళ తాళం వేసి, తనే అతని పశువుల దొడ్డివైపు బండి తిప్పింది.
అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.
తెలిసినా చెప్పను.

మంగళవారం ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగు.
తుపాకీ కొంటే మూడు రోజులు ఆగాలన్న బిల్లు మీద
మనిషికి రెండు నిమిషాలు.
షెరీఫ్ నలభై మైళ్ల దూరంలో ఉంటాడన్నారొకరు.
లాటన్యా బెక్విత్ లేచి, మెడ మీద మచ్చ చూపించి,
"మాజీ మొగుడు తలుపు తంతుంటే
మూడు రోజులాగి రమ్మనాలా?" అంది.
హాలు కిక్కురుమనలేదు. నాకూ జవాబు దొరకలేదు.

తర్వాత వెర్నా.
"నా గిరాకీ ఎవరో నేనెరుగుదును.
రాజధానిలో కూచున్నవాడు ఎరగడు.
నాకూ వాళ్లకీ మధ్య ప్రభుత్వం దూరొద్దు."
చప్పట్లు. రెండు నిమిషాల్లో నలభై సెకన్లు మిగిలాయి.

వెనక వరసలోంచి లెక్కల టీచరు ఐలోవెన్ ప్రూయెట్
మైకు దాకా కూడా రాలేదు.
"మా తమ్ముడు కొన్న కొట్లో నువ్వు లేవు వెర్నా"
అని కూచుంది.

వెర్నా చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి.
నా నోట్లో శనివారం నానుతోంది.
మింగేశాను.

బిల్లు ఓడిపోయింది.
ఓడించిన చేతుల్లో ఆమెదీ ఉంది, నేను లెక్కపెట్టాను.

నిన్న డ్వెయిన్ ట్రక్కు వీధిలో పోతుంటే
ముందు సీటు అద్దం మీద తడి ముక్కు మరక.
తుడవాల్సిన అద్దాలన్నీ నావే అనుకునేవాణ్ణి.
అది కాదు.

ఆ పిస్తోలు ఇంకా అద్దం కిందే ఉంది.
దారం కట్టిన పసుపు చీటీ మీద
ఆమె చేతిరాతలో ఒకటే మాట: రేపు.
గుమ్మం మీద సుద్దతో ఆ మాట రాస్తే
చావు చదువుకుని, నమ్మి, వెనక్కి పోతుందని
చదువురాని ముసలమ్మలెవరో కనిపెట్టారు.
మర్నాడొచ్చినా మళ్లీ అదే చదువుతుంది.

వేటకొచ్చిన పైఊరివాళ్లు అది చూసి ముచ్చటపడి
"ఎంత?" అంటారు.
"అమ్ముడుపోయింది" అంటుంది వెర్నా,
కళ్లెత్తకుండా.