వచ్చలే

టెట్ గైడు, మూడో చాప్టరు:
శిశు వికాసం, భాషార్జన, పది మార్కులు.
కొత్తవాడల కరెంటు పోయి గంటైంది.
ఫోను లైటును చెంబుకు ఆనిచ్చి చదువుతున్న.
పక్కన జంపఖానా మీద ముత్తి.
బడి రిజిస్టరు కోసమని మౌక్తిక అని పెట్టినం.
ఆ పేరు ఇంట్ల ఎవలకూ నోరు తిరుగది,
దానికైతె అసలే తిరుగది.

ఒకాయన అన్నడట:
పిల్లలు విన్నదే అంటరు,
మెచ్చుకుంటే మళ్ల అంటరు.
మా అత్త ఈ గైడు ముట్టలే గని
గిదే నమ్ముతది.
"తాత అను, తాత అను" అని
బెల్లం ముక్క చూపిచ్చి వారం దినాలు కొట్లాడింది.
ముత్తి బెల్లం తిన్నది.
మూతి తుడుసుకున్నది.
గుంతల కూసున్న తాత దిక్కు వేలు పెట్టి
"మగ్గ" అన్నది.
అత్త సప్పుడు చెయ్యలే.
నలభై ఏండ్లు మగ్గంల కాళ్లు పెట్టుకొని కూసున్న మనిషిని
ఇంకేమంటరు?

ఇంకొకాయన అన్నడట:
భాష పుట్టుకతోనే లోపట ఉంటది,
వాన పడంగనే లేచే గడ్డి లెక్క.
మరి ముత్తి లోపట ఏ భాష ఉండె?
రంగులద్దే షమీమాపా వస్తే "పానీ" అంటది.
నాతోని "నీల్లు" అంటది.
ఇద్దరం ఒక్కకాడుంటే "పానీల్లు" అని
రెండు గిలాసలు తాగుతది.

మూడో ఆయన ముచ్చట పెడితేనే మాట అన్నడు.
కండెలు చుట్టుకుంట నేను దాంతోని పెట్టిన ముచ్చట్లకు
ఎన్ని మార్కులేస్తరో.
ఎర్రదారం తెగింది బిడ్డా, నల్లది పట్టు,
నాయిన సరుకేసుకొని కరీంనగరం పోయిండు,
నూనె ధర మళ్ల పెరిగింది.
అన్నిటికీ "ఔ" అంటది.

గప్పుడు బజార్ల లైట్లు
ఒక్కపారి మినుక్కుమని పోయినయి.
ముత్తి లేచి కూసున్నది.
"కరెంటు వచ్చలే" అన్నది.

పెన్ను ఆగింది.

రాలే అనాలె.
నేను రాలే అంట, అత్త రాలే అంటది,
షమీమాపా సుత రాలే అంటది,
టీవీల వాళ్లు రాలేదు అంటరు.
వచ్చలే అని ఈ వాడల
పుట్టినోళ్లు, సచ్చినోళ్లు ఎవలూ అన్లే.
మరి ఎవలకాడ విన్నది?
వచ్చింది, వచ్చిండు, వచ్చినయి.
తినలే, పడలే, చూడలే.
ఇక్కడి పోగు, అక్కడి పోగు
చీకట్ల ఒక్కతే కూసొని కలిపింది,
ముడి కనవడకుంట.
చెప్పుల్ల కుడేదో ఎడమేదో తెల్వని పోరి.
లెక్క దాందే సరి. తెలుగే తప్పింది.

దిద్దిన.
"వచ్చలే అనొద్దు బిడ్డా. రాలే అనాలె."
"ఔ, రాలే" అన్నది.
"కరెంటు వచ్చలే."

గైడుల ఎ, బి, సి ఉన్నయి, డి పైవన్నీ.
బి పడుగు, సి పేక అని రాయబుద్ధైంది.
అంత జాగ ఎక్కడిది?

ఆదివారం హన్మకొండల పరీక్ష.
గదే ప్రశ్న రానే వచ్చింది.
మౌసు చేతుల పట్టుకొని
ముత్తిని తలుసుకొని
డి ఒత్తిన.
కీల బి ఇచ్చిండ్రు.

రెండు మార్కులకు పోయింది.
ఏమైందే అని అత్త గడపల నిలబడి అడిగింది.
నా నోట్లకెల్లి అదే వచ్చింది:
"వచ్చలే అత్తమ్మ."
ఇద్దరం ఒకళ్ల మొకం ఒకళ్లం చూసుకొని
పడి పడి నవ్వినం,
ఏడుపు నడుమల కొంచెం.

ముత్తి కండెలతోని ఇల్లు కడుతున్నది.
తల సుత ఎత్తలే.
"వచ్చలే కాదమ్మా" అన్నది,
"రాలే."

ఎన్నడు మారిందో.
దాని మొదటి పన్ను తారీఖు
క్యాలెండర్ మీద రాసి పెట్టిన.
గీ మాట పోయిన దినం
ఏడా రాసి లేదు.
గా పొద్దు నేను
మూడో చాప్టరు చదువుతున్ననేమో.