అల్బిత్సా గేటు దగ్గర, రాత్రి రెండు

బస్సు ఆపి లోపల లైట్లు వేస్తాను.
ఎవరూ విసుక్కోరు.
నిద్ర ఇంకా వదలని చేతులు
దాచిన చోటు వెతుక్కుంటాయి.
ఒకరిది కోటు అస్తరులో, కుట్టు విప్పి మళ్ళీ కుట్టిన చోట,
ఒకరిది మేజోడులో, వెచ్చగా,
గెనాదియేది మాత్రం ఎప్పుడూ అక్రోటు సంచి అడుగున.
కొందరివి నీలం, కొందరివి ముదురెరుపు.
రెండూ ఉన్నవాళ్ళు రెండూ తీసి
ఏది ఇమ్మంటావని నన్నే అడుగుతారు,
చెల్లే నోటేదో నాకు తెలిసినట్టు.

ముప్పై తొమ్మిది.
రెండు చేతుల మధ్య ఇటుకంత బరువు.
పదిహేడేళ్ళుగా మోస్తున్నా
ఎంత చలిలోనైనా ఆ యాభై అడుగులు పరిగెత్తను.
కాలు జారిందా,
బస్సెడు మనుషులు బురదలో పడతారు.

కిటికీ వెనక ఆఫీసరు ముద్రలు వేస్తున్నంతసేపూ
బస్సులో మాటలుండవు.
కాగితం చేతిలో లేని మనిషి
దగ్గడానికి కూడా మొహమాటపడతాడు.
ప్రూత్ నది మాత్రం
తను ఏ గట్టుదో చెప్పకుండా
చీకట్లో చప్పుడు చేసుకుంటూ పోతుంది.

తిరిగొచ్చి టార్చి వెలుగులో పేర్లు పిలుస్తాను,
బళ్ళో హాజరు వేసినట్టు.
"ఇక్కడ."
"ఇటియ్యి."
"ఆయన సిగరెట్టుకి దిగాడు, నాకివ్వు."
చివరికి ఒకటి మిగిలింది.
పరాస్కీవా ముంత్యాను.
మళ్ళీ పిలిచాను.
మూడోసారి గట్టిగా.

పదకొండో సీటులో ఆమె
కళ్ళు తెరుచుకునే ఉంది,
ఒళ్ళో చెర్రీ జామ్ సీసా పట్టుకుని.
భుజం తట్టి ఫోటో చూపించాను.
ఉలిక్కిపడి నవ్వింది,
ఫోటోలో ఉండకూడని నవ్వు.

పాదొవాలో తను కనిపెట్టుకుని ఉండే ముసలమ్మకి
మతిమరుపు ముదిరిందట.
పోయిన కూతురి పేరుతో పిలుస్తుందట.
తొమ్మిదేళ్ళు.
మొదట్లో దిద్దేదట తను.
తర్వాత్తర్వాత
"లొరెదానా" అని గొణిగినా చాలు,
ఎంత నిద్రలోనైనా లేచి కూర్చునేదట.

ఇంజను స్టార్టు చేశాను.
లైట్లు ఆర్పాక అద్దంలో చూస్తే
ఫోను వెలుగు దగ్గర పెట్టుకుని
తన పేరు చదువుకుంటోంది,
పెదాలు కదుపుతూ, కూడబలుక్కుంటూ,
డాక్టరు కొత్తగా రాసిన మందు పేరులా.

హుషి ఊరు దాటేదాకా
ఎందుకో నేనూ
ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి
రెండో చేత్తో చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నాను.