టెంకాయ లేచిన చోట

మా నాయన వన్నూరప్ప
అరచేతిలో టెంకాయ పండబెట్టుకొని
చెప్పుల్లేకుండా సేన్లల్లో నడిచేవాడు.
పీచు తీసి పిలక ఉంచిన టెంకాయ.
జల మీదికి రాంగానే
నిద్రలోంచి ఎవరో పిలిచినట్టు లేచి నిలబడేది.
ఓ పాజిటివ్ రక్తమోళ్ళకే పలుకుతుందంట.
కళ్యాణదుర్గం ఆసుపత్రి చీటీ
నాలుగు మడతలేసి జేబులో పెట్టుకొని తిరిగేవాడు,
తాయెత్తు మాదిరి.

వెనకాల సున్నం డబ్బాతో నేను.
లేచిన చోట గీత గీసేది నా పని.

పదిహేడు బోర్లు పడినాయి ఆయన చేతి మీద.
తిప్పేస్వామి సేన్లో మాత్రం
ఒకటి పోయింది, రెండు పోయినాయి,
మూడోదానికి తమిళనాడు బండి తెల్లార్లూ అరిచి
ఏడునూర్ల అడుగుల కింద నుంచి
బూడిద దుమ్ము ఊదింది
చెనక్కాయ చెట్ల మీద, కూలోళ్ళ సద్ది మీద,
తిప్పేస్వామి రెప్పల మీద.
ఆ దుమ్ము వేళ్ళ మధ్య నలిపి
ఒక్క మాటన్నాడు ఆయప్ప:
"నీళ్ళను ఎవురో కట్టేసినారు."

కట్టేయడం మాకు కొత్త కాదు.
నోరు కడతారు, కడుపు కడతారు,
ఈనిన బర్రె పొదుగు కడతారు.
విప్పడానికి
సోమవారం అంజనం చూసే ముసిలోడు,
శుక్రవారం దర్గాలో నెమలీకల కట్ట,
అమావాస్యకు గుమ్మడికాయ.
ఇంతమందికి తెలిసిన కట్టు
జియాలజిస్టుకే తెలీలేదు.
మిషను పెట్టి, "రాయి" అని రాసిచ్చి
మూడు వేలు తీసుకొని పోయినాడు.

గట్టు మీద నిమ్మకాయ దొరికింది.
పసుపు, ఎర్రదారం, నాలుగు పొడుగు వెంట్రుకలు.
గట్టుకు ఆ పక్క మారెక్క సేను.
మొగుడు లేడు. బిడ్డల్లేరు.
బాయిలో మాత్రం మొలలోతు నీళ్ళు.
ఇంగేం కావల్ల?

నాకు తట్టు పోసి లేచినాక
ఉప్పు, మిరపకాయలు దిగదీసింది ఆమెనే.
"ఊరి కండ్లు, వాడ కండ్లు, నా కండ్లు" అంటా
తన కండ్లను గూడా లెక్కలో కలిపి
పొయ్యిలో ఏసింది.
చిటపటమంటే నవ్వింది.

"భూమి కింద ఉండేది తెలిసినోనివి,
మీద ఉండేది తెలీదా?
నడువు వన్నూరప్పా."
చేతిలో టెంకాయ పెట్టినారు.
ఊరు ఊరంతా వెనక.

మంగలి కిష్టప్ప ఇల్లు. పండుకొనే ఉంది.
పీర్ల చావిడి. పండుకొనే ఉంది.
మారెక్క వాకిట్లో
చాటలో కొర్రలు చెరుగుతా
"ఏమప్పా, ఇంతమంది?" అని ఆమె నవ్వబోయింది.

లేచింది.

"నీళ్ళు" అన్నాడు నాయన.
"ఈడ నీళ్ళుండాయి. అంతే.
నీళ్ళప్పా, నీళ్ళు."
ఎవురూ వినలేదు.
నన్ను గీయమన్నారు.
గీసినాను.

వాకిలంతా కొర్రలు, కాళ్ళ కింద.
పొద్దు మునగకముందే ఆమె
బళ్ళారి బస్సెక్కింది,
ఖాళీ చాట చంకన పెట్టుకొని.

ఆరేండ్లకు పంచాయతీవాళ్ళు
పాడుబడిన ఆ వాకిట్లోనే బోరేసినారు.
నూట ఎనభై అడుగులకే దూకినాయి నీళ్ళు.
మా వీధి బిందెలన్నీ ఇప్పుడు ఆడనే.
"మారెక్క బోరు కాడ ఉన్నా" అంటారు ఫోన్లల్లో,
ఏమీ జరగనట్టు.
మోటరు కాలిపోకుండా
స్టార్టరు డబ్బాకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టినారు.

నాయన ఆ నీళ్ళు తాగడు.
టెంకాయ ముట్టడు.
కుడిచెయ్యి చంకలో దాచుకొని
అరుగు మీద కూచుంటాడు, ఎండాకాలంలో గూడా.

ఒకటి అడగల్లనుకుంటా. నోరు రాదు.
ఆ పొద్దు నేను ఆయన చేతికి
జానెడు దూరంలో ఉన్నా.
చిటికెన వేలు కదిలింది.
అది మాత్రం చూసినా.

టెంకాయ లేచినాక కదిలిందా,
రోంత ముందు కదిలిందా.