జెండా గుడ్డ

పత్తికి పచ్చపురుగు పట్టిన ఏడు
కాకుమాను బీట్లో జిల్లేళ్లు కొట్టి
ఆరొందల గజాల నేల చదును చేశారు.
రోడ్డు రోలరు వారం తిరిగింది.
ఎనిమిదో పొద్దున దిగిందది,
పసుపుపచ్చది, ఒక్క మనిషి పట్టేది,
పొట్టలో మూడు డ్రమ్ముల మందు.

నాకు పదహారు. పేరు జక్రయ్య. పని జెండా.
కర్రకి తెల్లగుడ్డ కట్టి గట్టు మీద నిలబడాలి.
అది నెత్తి మీదుగా పోగానే
ఇరవై అడుగులు పక్కకి నడిచి
మళ్లీ నిలబడాలి.
మందు జల్లు మీద పడేది.
మా అమ్మ గడపవతలే ఆపి
కుంకుడు రసంతో రుద్దేది.
అయినా అన్నం ముద్దలో ఎండ్రిన్ వాసన.

కెప్టెన్ బల్సారాకి తెలుగు మూడు ముక్కలు:
మజ్జిగ, గాలి, చాలు.
గాలి అంటే, పిడికెడు దుమ్ము ఎగరేసి చూపించమని.
దుమ్ము ఎటు పోతే అటు తల తిప్పి
చాలు, అనేవాడు.

మెకానిక్ బాజీ చెప్పిన చదువు ఇంతే:
పెట్రోలు పైన, నీళ్లు అడుగున.
తోలుగుడ్డలో వడకట్టు.
పెట్రోలు దిగుద్ది, నీళ్లు ఆగిపోతాయి.
"నీళ్లు దొరక్కపోతే మనిషి చస్తాడు,
దొరికితే ఇంజను చస్తదిరా."

ఆ రోజు తోలుగుడ్డ కనపడలా.
ముందురాత్రి వాన.
బాజీ చీరాల వెళ్లాడు, పెళ్లికో చావుకో.
ఎండ ముదిరితే గాలి లేస్తుందని కెప్టెన్ తొందర.
కర్ర నుంచి జెండా ఊడదీశాను.
నాలుగు మడతలేసి గరాటు మూతికి కట్టాను.
పోశాను.
పిండుకుని, మళ్లీ కర్రకి కట్టుకుని
చేలోకి పరిగెత్తాను.

ఐదు చాళ్లు బాగానే వచ్చింది.
ఆరో మలుపులో చప్పుడు తగ్గింది.
ఆగడం కాదు, తగ్గడం.
రెండుసార్లు దగ్గి
మా నాయన ఊపిరి వెతుక్కున్నట్టు వెతుక్కుని
ఇక లేదు.
అంత ఆకాశంలో పంకా రెక్క
కర్రలా నిలబడిపోయింది.
అప్పుడు
పక్క మిరపచేలో కలుపు తీసేవాళ్ల
గాజుల చప్పుడు వినపడింది నాకు.
పదముగ్గురు.
ఇంజను నడుస్తుండగా
వాళ్లకి గాజులున్నాయనే తెలీదు.

మందంతా ఒక్కసారే వదిలేశాడు, తెల్లగా.
వెనక్కి తిరగలేదు. తిరిగినవాడు మిగలడని బాజీ అనేవాడు.
ఎదురుగా మిరపచేను.
ఎడమ రెక్క కాస్త వంచాడు, కాస్తే,
సందులో ఎదురైన మనిషికి
దారిచ్చి ఒదిగినట్టు.
కొమ్మమూరు కాలువ గట్టు.
తుమ్మచెట్లు.

గుంటూరు పెద్దాసుపత్రిలో ఒక రాత్రి ఉంచి
బొంబాయి తీసుకుపోయారు.
బతికాడో లేదో
జెండా కుర్రాడికి ఎవరు ఉత్తరం రాస్తారు?

ఢిల్లీ నుంచి ఇద్దరు వచ్చారు.
కార్బురేటరు విప్పి గాజుసీసాలో వంచారు.
అడుగున ఉగ్గుగిన్నెడు నీళ్లు.
వాన నీళ్లా, కాలువ నీళ్లా,
నా గుడ్డలో మంచా?
సీసా ఏం చెప్పుద్ది.
జెండా ఎక్కడ నిలబెట్టావని అడిగారు. చూపించాను.
దేంతో వడకట్టావని అడగలేదు.
నేను చెప్పలేదు.
తోలుగుడ్డ మటుకు సీటు కింద దొరికింది.
ముందు అద్దం మీద చెమ్మ తుడవడానికి
కెప్టెనే తీసుకుపోయాడు.

ఇప్పుడు పట్నంబజారులో నాది స్ప్రేయర్ల రిపేరు కొట్టు.
డ్రోన్లు కూడా తెస్తున్నారు పిల్లలు.
"పెట్రోలు లేదు తాతా, బ్యాటరీ" అంటారు.
నవ్వి పక్కన పెడతాను.
పెట్రోలు మోటారు వస్తే మటుకు
ముందు ట్యాంకు దింపి
సీసాలో పోసి వెలుతురుకి పెడతాను.
ఊళ్లో బస్సు పోతుందని తొందరపెడతారు.
"ఏం లేదుగా తాతా, చాలు."
ఇంకాసేపు చూస్తాను.