నడిమి సీటు

వెనక సీటులో నడిమి చోటు నాది.
కాళ్ల కింద కారు వెన్నెముకలా ఉబ్బెత్తు,
ఎడమ పక్క నిద్రలో చొంగ కార్చే తమ్ముడు వాహే,
కుడి పక్క నానమ్మ జారూహి.
ఆమె ఒళ్లో పాత శాలువా చుట్టిన మూడు లీటర్ల సీసా,
నిండా ఆప్రికాట్ జామ్.
మలుపు వచ్చినప్పుడల్లా
మమ్మల్ని వదిలేసి దాన్ని పట్టుకునేది.

గ్యుమ్రీలో బయల్దేరేసరికి ఇంకా చీకటే.
బావ్రా సరిహద్దులో సైనికుడు
పాస్‌పోర్టుల్లో మమ్మల్నీ, కారులో మమ్మల్నీ
మార్చి మార్చి చూశాడు.
"నా చిన్నప్పుడు ఇక్కడ గేటు లేదు,
గాలి ఉండేది" అంది నానమ్మ మా భాషలో.
వాడికి అర్థమైందో లేదో,
ముద్ర మాత్రం గట్టిగా కొట్టాడు.

అవతలా అదే గడ్డి, అదే నల్లరాయి.
అక్షరాలే వేరు.
మావి గుర్రపు నాడాల్లా ఉంటాయి,
వీళ్లవి విప్పేసిన స్వెటర్ ఊలులా
ముడుచుకుని, ముడుచుకుని.
ఏ బోర్డూ చదవలేక, చదవలేనని ఒప్పుకోలేక
అఖల్‌కలాకీలో ఒకే చౌరస్తాను
నాన్న మూడుసార్లు చూపించాడు.
"హ్రాంత్" అంది అమ్మ ఒక్కసారి.
ఆ తర్వాత మాట్లాడలేదు.
అమ్మ మాట్లాడకపోవడం మా కారులో
హారన్ కంటే పెద్ద చప్పుడు.

ఆవుల గురించి చెప్పాలి.
వంతెన మీద, సరిగ్గా మధ్యలో
ఏడు ఆవులు నెమరేస్తూ,
ఆ వంతెన వాటి తాతలు కట్టించినట్టు.
నాన్న దిగి రష్యన్‌లో బతిమాలాడు.
తమ్ముడు లేచి ఆర్మేనియన్‌లో తిట్టాడు.
కాపరి కుర్రాడు ఎక్కణ్ణుంచో వచ్చి
నాలుకతో ఒక్కసారి "టక్" మన్నాడు,
దారిచ్చాయి.
అది ఏ భాషో ఇప్పటికీ తెలీదు నాకు.

బొర్జోమీలో కుళాయి నీళ్లు గోరువెచ్చన,
ఉప్పుప్పగా, గుడ్డు కుళ్లిన రుచి.
నేను ఉమ్మేశాను. నానమ్మ మూడు గ్లాసులు తాగింది.
ముప్పై తొమ్మిదేళ్ల కింద
ఆ కొండ మీది శానిటోరియంలో
పక్క మంచం మనిషి పేరు ననూలి.
ఇరవై నాలుగు రోజుల స్నేహం.
నర్సు కంటపడకుండా దుప్పటి కింద
పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తిన్నారట.
మా ఊరి జామ్ తెచ్చిస్తానని మాటిచ్చిందట.
మాటిచ్చాక దేశాలు మారిపోయాయి.

సూరామీ.
చేతిలో చిరునామా, వంకాయ రంగు సిరా,
మడతల దగ్గర చిరిగి.
వీధి పేరు మారిందన్నాడు మందుల షాపతను.
రెండుసార్లు మారిందన్నాడు టాక్సీవాడు.
అలాంటి వీధే లేదంది పుచ్చకాయలమ్మే ఆవిడ,
పైగా ననూలే కావాలంటే
నా పేరూ ననూలే, నన్ను తీసుకోండి అంది.
అందరం నవ్వాం.
నానమ్మ ఆమె మొహంలోకి నిదానంగా చూసి
"కాదు" అంది.
నిజంగానే పోల్చి చూసింది మరి.

గుర్తు ఒక్కటే, ఆకుపచ్చ గేటు.
ఒక్క ఊళ్లో ఎన్ని ఆకుపచ్చ గేట్లుంటాయో
మీరెప్పుడైనా లెక్కపెట్టారా?

పొద్దువాలుతుండగా రోడ్డు పక్కన
మట్టిపొయ్యిలోంచి నజూకీ రొట్టెలు తీసే చోట
కారు ఆపమంది.
దాల్చినచెక్క వాసన, కాలిన ఎండుద్రాక్ష వాసన.
శాలువా విప్పింది.
మూత నాన్నకి రాలేదు, అమ్మకి రాలేదు.
రొట్టెలావిడ ఏప్రన్ చెంగుతో పట్టుకుని
ఒక్క మెలి తిప్పింది.
టప్.

కారు బానెట్ మీద రొట్టెలు పరిచి,
స్పూను లేక,
సముద్రం కోసం కొన్న తమ్ముడి ప్లాస్టిక్ పారతో
జామ్ తోడుకున్నాం.
మొదటి ముక్క రొట్టెలావిడకి.
ఆవిడ తిని జార్జియన్‌లో పొడుగ్గా ఏదో చెప్పింది.
నానమ్మ ఆర్మేనియన్‌లో అంతకంటే పొడుగ్గా జవాబిచ్చింది.
మధ్యలో రష్యన్ అందించబోయిన నాన్నను
ఇద్దరూ చెయ్యెత్తి ఆపారు.

కొబులెతి చేరేసరికి నడిరాత్రి.
సముద్రం కనపడలేదు,
రాళ్లు దొర్లుతున్న చప్పుడు మాత్రం.
పొద్దున చూస్తే ఇసుకే లేదు, అంతా గులకరాళ్లు.
వాహే ఏడ్చాడు.
వాడి పార నిండా చీమలు.

తిరుగు ప్రయాణంలో సీసా నా ఒళ్లో,
నిండా రాళ్లు, మలుపుకోసారి గలగల.
నాన్న ఒక్క చౌరస్తా తప్పలేదు.
అమ్మ మాట్లాడుతూనే ఉంది.
సూరామీ వచ్చినప్పుడు నానమ్మ కళ్లు మూసుకుంది.
నిద్రని తమ్ముడన్నాడు.
నేను ఒప్పుకోలేదు.
నిద్రపోతే ఆమె నోరు తెరుచుకుంటుంది.