వెలవని ఎరుపు

గురువారం కోఫోరిడువాలో పూసల సంత.
ఆ సందు దాటగానే కోర్కోర్ అత్త నూనె కొట్టు.
సీసాల్ని ఎండకి ఎదురుగా నిలబెడుతుంది.
ఎండ దూరితే చాలు,
ఎవరి నూనె ఎంత ఎరుపో తేలిపోతుంది.
అత్త నూనె మాత్రం ఎప్పుడూ
జ్వరం తగ్గినవాడి మొహంలా ఉండేది.

నేను పూటకూళ్ళ కొట్టుదాన్ని.
అలచందల కూర, వేయించిన అరటిముక్కలు,
లారీలు ఆపుకుని వచ్చేవాళ్ళకి.
కూర ఎర్రగా లేకపోతే
పళ్ళెం ఇటు తోసి
"నూనె దగ్గర కూడా పిసినారితనమేనా?" అంటాడు అడ్జెయి.
అందుకని అత్తని దాటుకుని పక్క కొట్టుకి పోయాను.
ఒక్క వారమే అని చెప్పుకున్నాను.
అబద్ధమెందుకు, ఐదు వారాలు.

ఆరో వారం
అత్త సీసాలు నిప్పుకణికల్లా ఉన్నాయి.
"కొత్త తోట గెలలు" అంది,
మూత బిగిస్తూ, నా వైపు చూడకుండా.
నేనూ అడగలేదు.
బేరమైనా ఆడలేదు.

కూర ఎర్రబడింది. అడ్జెయి రెండోసారి వడ్డించుకున్నాడు.
వాడి చిన్నకూతురు వేళ్ళు నాకి నాకి
నాలుక బయటపెట్టి అందరికీ చూపించింది.
నవ్వాం.

అంట్లు తోమే మామ్లే చెప్పింది మొదట:
"అక్కా, ఈ గుడ్డ ఉతికాను, బూడిదేసి మళ్ళీ ఉతికాను,
మూడు రోజులు ఎండలో వేశాను."
మా అమ్మ అనేది,
పామాయిల్ మరక ఎండకి సిగ్గుపడి
తనంతట తనే వెలిసిపోతుందని.
ఇది వెలవలేదు.
సూర్యుడికే లొంగలేదు.

సీసా పట్టుకెళ్ళిన ఆఫీసు కుర్రాడు
పది రోజులకి కాగితంతో వచ్చాడు.
సుడాన్ నాలుగు అట దాని పేరు.
బూటు పాలిష్‌లో వేసే రంగు, కొవ్వొత్తుల్లో వేసే రంగు.
నీళ్ళలో కరగదు, కొవ్వులోనే కలుస్తుంది అన్నాడు.
మరి మనిషి లోపల ఏముంది,
కొవ్వూ, కాలేయమూ కాక?
క్యాన్సర్ అనే మాట
వాడు చాలా మెల్లగా అన్నాడు,
కూరగిన్నె వింటుందేమో అన్నట్టు.

అత్త కొట్టుకి తాళం వేశారు.
పొట్లంలో చిటికెడే, అంటూనే ఉంది.
ఎవరో చెప్పారంది, అందరూ వేస్తున్నారంది.
ఆఖరికి నా వైపు తిరిగి,
"అయిదు వారాలు నా సీసాలు కొన్నదెవరే?" అంది.

పొడి నేను కలపలేదు.
ఎరుపు అడిగింది మాత్రం నేనే.

ఇప్పుడు నా కూర పాలిపోయే ఉంటుంది.
ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు.
అడ్జెయి వస్తాడు, గొణుగుతాడు, తింటాడు.
పిల్ల నాలుక చూపిస్తే
నేను నవ్వడం లేదు,
దాన్ని వెలుతురు వైపు తిప్పి చూస్తున్నాను.

గుడ్డ ఇంకా తీగ మీదే ఉంది.
నాలుగు వానలు తడిసింది.