జామెట్రీ పెట్టె

గుణుపూర్ రైలు కూత వేసేసరికి
రుబ్బురోలు కడిగేసి ఉండాలి. ఇది నా లెక్క.
రైలు ఆలస్యమైతే పది నిమిషాలు మిగులు.
ఆ పదిలో ఒడియా పద్యం, నాలుగు పాదాలు.

చించిన క్యాలెండరు కాగితం వెనక
రోజూ రాత్రి రాసుకుంటాను:
కుళాయి. కూర్మికి జడ. సైన్సు రికార్డు.
పర్లాకిమిడి బజార్లో శెట్టికి నూట ఎనభై.
బళ్ళో ఎవరూ నేర్పని తెలుగులో రాస్తాను.
ఒత్తులు తప్పుతాయి,
తప్పని చెప్పేవాళ్ళూ లేరు.

జామెట్రీ పెట్టెలో కంపాసు లేదు,
భారతీ పాణిగ్రాహి పట్టుకెళ్ళి మూడు వారాలు.
ఉన్నవి: రేషన్ కార్డు జిరాక్సు, రెండు పిన్నీసులు,
అమ్మ బీపీ మాత్రల సగం అట్ట.
వృత్తాలు గాజు పెట్టి గీస్తాను.
చెయ్యి కుదురని సారు మెచ్చుకున్నారు.

మొన్న లెక్కల పరీక్షకి అన్నీ సర్దాను,
రెండు పెన్నులు, అట్ట, నీళ్ళ సీసా.
స్కేలు కోసం పెట్టె తెరిస్తే
మాత్రలు.
ఇక్కడుంటే, అమ్మ ఏం వేసుకున్నట్టు?
ఆఖరి రెండు ప్రశ్నలూ
పరుగెత్తుతూ రాశాను.

ఇంటి దగ్గర అమ్మ
బండి మీదికి ఉల్లిపాయలు తరుగుతోంది.
"ఒక్కపూటకి ఏటైపోద్దే?
నువ్వు బాగా రాసినావా?"

ఆ రాత్రి కాగితం మీద
మొదటి వరసలో మాత్ర అని రాసి
కొట్టివేసే పని అమ్మకిచ్చాను.
పెన్ను అట్లకాడలా పట్టుకుని
అడ్డంగా, వంకరగా,
పక్క వరసని కూడా కలిపి కొట్టేసింది.

ఆ పక్క వరసలో ఉన్నది
భారతిని కంపాసు అడగడం.